ఖర్జూరపు తోటలో మట్టి మేడ

సౌదీ చూడ్డానికి పోతున్నానంటే మా వాడలో ఒక్కరూ నమ్మలేదు. అక్కడికి పనికి పోతారు, పని పోతే తిరిగొస్తారు, చూడ్డానికి కూడా ఎవరైనా పోతారా అని నవ్వారు. జగిత్యాలలో గల్ఫ్ పోయొచ్చిన మగవాళ్లకు కొదవ లేదు. కానీ అక్కడ ఏముందని అడిగితే ఎండ, ఇసుక, కంపెనీ గది అని తప్ప ఇంకో మాట చెప్పినవాణ్ణి నేను చూడలేదు. చెప్పినవాడు మా బావ ఒక్కడే.

మా ఆయనకు అన్న, గంగారాం బావ. హుఫూఫ్ అనే ఊళ్లో ఒక ఖర్జూరపు తోటలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి, ఉద్యోగాలు సౌదీవాళ్లకే ఇవ్వాలనే నితాఖత్ రూలు వచ్చినప్పుడు ఇంటికొచ్చేశాడు. ఆయన చెప్పేది ఎడారి గురించి కాదు, ఆ తోటలో ఉన్న మట్టి మేడ గురించి. రెండంతస్తులు, మీద బురుజు. యజమాని కుటుంబం ఊళ్లో విల్లా కట్టుకుని వెళ్లిపోతే, మేడ కింది గదుల్లో బావా, మన జిల్లావాళ్లే ఇంకో ముగ్గురూ ఉండేవారట. "దొరల మేడల మనోళ్లు పండుకున్నరు సుగుణా" అని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆ మాట తర్వాత ఎప్పుడూ ఇంకో మాట వచ్చేది. "వచ్చేటప్పుడు దానికి సిమెంటు తొడిగి వచ్చిన. ఇగ నూరేండ్లు దాని దిక్కు సూసే పనే లేదు."

నేను బయల్దేరే ముందురోజు ఇంటికొచ్చాడు. ఏం తెమ్మంటావు బావా అన్నాను.

"ఏం తేవద్దు. మేడ ముంగట నిలవడి ఒక ఫోటో దిగి తీస్కరా. తోట దిక్కు గోడ పడాలె ఫోటోల. ఆ గోడ మొత్తం నా చేతిదే."

సరేనన్నాను. ఫోటోకేం భాగ్యం అనుకున్నాను.

రియాద్: సర్దుకుంటున్న ఇల్లు

మా తమ్ముడు శ్రీను రియాద్‌లో ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాడు. భార్యాపిల్లల్ని దగ్గర పెట్టుకున్నవాళ్లు తలకింత అని ఫీజు కట్టాలని కొత్త రూలు వచ్చింది, ఏటేటా పెరుగుతుందట. అందుకని మరదలు కవితనూ పిల్లలనూ ఇంటికి పంపేస్తున్నాడు. "వాళ్లు పోకముందే వచ్చిపో అక్కా. తర్వాత నిన్ను పిలుద్దామన్నా నాకు ఇల్లుండది, బ్యాచిలర్ రూమే" అని విజిట్ వీసా పంపాడు. చుట్టం చూపుగా వెళ్లినదాన్ని, దిగిన మొదటి రోజు నుంచే అట్టపెట్టెలకు టేపులు అంటించాను.

ఆ బిల్డింగులో సగం ఫ్లాట్ల ముందు ఇదే సందడి. సోఫాలు, ఉయ్యాలలు, పిల్లల సైకిళ్లు మెట్ల దగ్గర బారులు తీరి ఉన్నాయి. కొనేవాడు లేడు, అందరూ అమ్మేవాళ్లే. కేరళ పక్కింటావిడ నడుస్తున్న ఫ్రిజ్‌ను మా గుమ్మం ముందు పెట్టి "మీరు తీసుకోండి" అంటే, కవిత "మేం కూడా పోతున్నం గదా" అని ఏడ్చేసింది. మన దగ్గర విరిగిన కుర్చీ కూడా అటక మీదికి ఎక్కుతుంది. అక్కడ మంచి మంచాలు చెత్తకుండీ పక్కన నిలబడ్డాయి. చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంది.

ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో కుట్టు నేర్పిస్తున్నదాన్ని, అక్కడ ఆడవాళ్లు బట్టల మీద వేసుకునే నల్ల అంగీ, అబాయా, బజారులో నాది నేనే ఎంచుకుంటానన్నాను. ఎనభై రియాళ్లు పెట్టి కొన్నది ఇంటికొచ్చి తిరగేసి చూస్తే కుట్లు మరీ దూరం దూరం. పైగా నాకు జానెడు పొడుగెక్కువ. విప్పి కుట్టుకుందామంటే మిషన్ అప్పటికే ఎవరికో ఇచ్చేశారు. ఆ పొడుగు నన్ను తర్వాత ఏడిపించింది.

హుఫూఫ్ పోదామంటే శ్రీను మొదట గొణిగాడు. "ఏముందక్కా ఆడ, ఇంటి నిండ పనున్నది" అన్నాడు. గంగారాం బావ పేరు ఎత్తేసరికి తగ్గాడు. శ్రీనుకు ఈ దేశానికి మొదటి వీసా తెచ్చిపెట్టింది బావే.

రైల్లో

రియాద్ నుంచి హుఫూఫ్‌కి రైలుంది. కుటుంబాలకు వేరే పెట్టె. ఎక్కుతూనే అబాయా అంచు తొక్కి తలుపు దగ్గర సాష్టాంగపడ్డాను. నన్ను లేపినావిడ మా ఎదుటి సీటులోనే కూర్చుంది. కళ్లు తప్ప ఏమీ కనిపించవు గానీ ఆ కళ్లతోనే నవ్విందని తెలిసింది.

రైలు కదలగానే ఆవిడ బుట్ట తెరిచింది. ఫ్లాస్కు, చిన్న చిన్న పిడిలేని కప్పులు, ఖర్జూరాలు. కాఫీ అంటే నేను మన కాఫీ అనుకున్నాను. పసుపు నీళ్ల రంగులో, యాలకుల వాసనతో, చక్కెర లేకుండా ఉంది. తాగాను. మళ్లీ పోసింది. పోసింది వదిలేస్తే మర్యాద కాదని తాగాను. మళ్లీ పోసింది. బాగా తాగాక ఇక నా వల్ల కాక శ్రీను వైపు చూస్తే, వాడు కిటికీలోంచి చూస్తూ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"కప్పు అటిటు ఊపాలక్కా. ఊపకుంటే ఇంక కావాలన్నట్టు."

"ముందుగాల చెప్తే నీ సొమ్మేం పోయింది రా?"

ఊపాను. ఆవిడ వెంటనే కప్పు తీసుకుంది. మన ఇళ్లలో చాలు చాలు అన్నా వడ్డిస్తారు, అడ్డం పెట్టిన చేతి మీదే పోస్తారు. అక్కడ చాలంటే చాలే.

బయట ఇసుక తప్ప ఏమీ లేదు. ఉన్నట్టుండి ఇసుక మధ్యలో పచ్చగా మొదలైంది. కనుచూపు మేర ఖర్జూరపు చెట్లే. ఇంత పచ్చదనం ఆ దేశంలో ఉంటుందని మనవాళ్లెవరూ చెప్పలేదే అని కోపం కూడా వచ్చింది. పాపం, వాళ్లను ఎవరు తీసుకెళ్లి చూపించారని.

హుఫూఫ్ బజారు

స్టేషన్ దగ్గర మాకు దొరికిన డ్రైవరు కడప మనిషి, ఖాదర్. మేం మాట్లాడుకోవడం విని తనే వచ్చాడు. "ఏమ్మా, మనోళ్లేనా? యాడికి పోవల్ల?" అన్నాడు. ఆ మాటకే సగం ఊరట. అరబ్బీ బాగా వచ్చు. టాక్సీ కంపెనీల్లో కూడా సౌదీవాళ్లనే పెట్టుకోమంటున్నారనీ, తన వంతు ఎప్పుడొస్తుందో అల్లాకే తెలుసనీ చెప్పాడు. అది చెబుతున్నప్పుడు మాత్రం ముందుకు చూసి కారు నడిపాడు, మిగతా మాటలన్నీ మాకేసి తిరిగే చెప్పాడు.

తోటకు పోయేముందు బజారు చూపించాడు. పెద్ద మనుషులు భుజాల మీద వేసుకునే పల్చటి అంగీలకు జరీ అంచు చేత్తో కుట్టే దుకాణాలున్నాయక్కడ. ముసలాయన ఒకడు నేల మీద కూర్చుని కుడుతుంటే నేను అక్కడే చతికిలబడ్డాను. ఎంత సన్నటి పనంటే, మా పిల్లలకు ఒక నెల నేర్పినా రాదు. ఒక అంగీ ధర విని లేచి నిలబడ్డాను. ఆ డబ్బుతో మా దగ్గర పెళ్లికూతురి బట్టలన్నీ కుట్టించవచ్చు.

అక్కడ ఎర్ర బియ్యం కూడా పండుతాయి. మధ్యాహ్నం అదే అన్నం తిన్నాం, రొయ్యల పొడి కలిపి వండింది. గట్టిగా, రాగి సంకటి కన్నా ఎర్రగా ఉంది. ఖాదర్ "మా కడపలో దీనికి ఊరుబిండి పచ్చడి ఉంటే ఎట్టుంటాదో!" అని లొట్టలేశాడు. కిలో బియ్యం ధర మాత్రం బాసుమతికి రెండింతల పైన. నేను గుప్పెడు కొనుక్కున్నాను, చూపించుకోవడానికి.

రాతి వంతెన దాటాక

బావ గుర్తులు నాకు నోటికి వచ్చు. రెండో మసీదు దాటగానే కాలువ మీద రాతి వంతెన, వంతెన ఎక్కితే చెట్ల పైనుంచి మేడ బురుజు కనబడుతుంది, అడిగే పనే లేదు. మసీదు దొరికింది. వంతెన దొరికింది. బురుజు కనబడలేదు.

అటు తిరిగాం, ఇటు తిరిగాం. మళ్లీ వంతెన దగ్గరికే వచ్చాం. "మీ బావ చెప్పిన గుర్తులన్నీ ఉండాయక్కా, మేడొకటే ల్యా" అన్నాడు ఖాదర్. వంతెన పక్కన పెద్ద ఇనుప గేటు, గేటు మీద రంగు బల్బులు, లోపల ప్లాస్టిక్ గడ్డి, నీలి పెంకుల ఈత కొలను. సెలవు రోజుల్లో అద్దెకిచ్చే విడిదట. గేటు దగ్గర కావలివాణ్ణి అడిగితే యజమానికి ఫోన్ చేశాడు.

యజమాని పాత పికప్‌లో వచ్చాడు. అబూ సాలెహ్. తెల్ల గడ్డం, చేతికర్ర. శ్రీను గంగారాం అనగానే కర్ర చంకలో పెట్టి రెండు చేతులతో వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"గంగా? గంగా కైసా హై?"

బాగున్నాడని శ్రీను చెప్పాడు. నన్ను చూపించి, ఆయన తమ్ముడి భార్య అన్నాడు. ముసలాయన నేలకేసి చూస్తూ ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. పరాయి ఆడదాని ముఖం చూసి మాట్లాడడం అక్కడ మర్యాద కాదు. తర్వాత నేనేం అడిగినా జవాబు మాత్రం మా తమ్ముడికి చెప్పాడు. మొదట్లో నాకు ఒళ్లు మండింది. కాసేపయ్యాక ఆయన నా ప్రశ్న ఒక్కటి కూడా వదిలిపెట్టలేదని గమనించాను.

గేటు తీయించి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లాక, "మేడకు ఎటు పోవాలె?" అని నేనడిగాను. ఖాదర్ అరబ్బీలో అడిగి, జవాబు విని, నా వైపు తిరిగాడు.

"మనం నిలబడింది మేడలోనే అంటుండాడక్కా. ఇది అతిథుల గది అంట."

నా కాళ్ల కింద ప్లాస్టిక్ గడ్డి ఉంది.

మేడ కథ

చెట్ల నీడలో చాప వేయించి, ఊళ్లోని ఇంటికి కబురు పెట్టి రొట్టె తెప్పించాడు. ఖర్జూరం కలిపి పొయ్యిలో కాల్చిన ఎర్ర రొట్టె, ఆయన భార్య చేసింది. తింటూ విన్నాం. ఆయన హిందీ, అరబ్బీ కలిపి చెప్పాడు, తెగిన చోట ఖాదర్ అతుకు వేశాడు.

మేడ కట్టించింది ఆయన తాత. కింద రాయి, పైన మట్టి, కప్పుకు ఖర్జూరపు దూలాలు, వాటి మీద ఈనెల చాపలు. అతిథుల గదిలో సున్నపు చెక్కడాలు. చెక్కినవాడి పేరు ఎవరికీ గుర్తులేదు గానీ, అతను ఒక చలికాలమంతా ఇక్కడే తిని, ఇక్కడే పడుకుని చెక్కాడని చెప్పుకునేవారట. ఎడారి దాటి వచ్చినవాడు ఎవడైనా సరే, మూడు రోజుల దాకా పేరు అడక్కుండా అన్నం పెట్టేవాళ్లు. ఒక గది నేలంతా గాడులు తీసి ఉండేది. ఖర్జూరాల బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే, ఆ బరువుకు పాకం కారి, గాడుల్లోంచి పోయి కుండలోకి దిగేది. తర్వాత పెట్రోలు డబ్బొచ్చింది, విల్లాలొచ్చాయి, ఊటలు ఎండి పంపులొచ్చాయి. మేడలో తాళాలు వేలాడాయి. ఆఖరున ఆ పాకం గదిలో మన గంగారాం బావ పడక వేశాడు. ఇంట్లో ఎప్పుడూ, నేల సాపుగా ఉంటే నిద్ర పట్టదని ఆయన అంటుంటే వేళాకోళం అనుకునేదాన్ని.

"మట్టి మేడ పసిపిల్ల లాంటిది. ఏటేటా చూసుకోవాలి" అన్నాడు అబూ సాలెహ్. కాయ కోత అయ్యాక, వానలకు ముందు, గుంటలో మట్టీ గడ్డీ నానబెట్టి, కాళ్లతో తొక్కి, గోడలకు పూయాలి. సౌదీ కుర్రాళ్లెవరికీ ఆ పని రాదు, వచ్చినా చెయ్యరు. గంగా మాత్రం మొదటి ఏడే దిగాడు. మా అమ్మ దసరాకు చేసే పని ఇదే అన్నాడట. నిజమే, మా అత్త బతికున్నన్నాళ్లు ఎర్రమన్ను తొక్కి ఇంటి గోడలకు పూసేది, బావ పక్కనే నిలబడి తొక్కేవాడు.

అబూ సాలెహ్‌కు ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీ ఉండేది. నలుగురి ఇఖామాలూ, అంటే అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్లు, దాని పేరు మీదే. ఇన్ని ఉద్యోగాలు సౌదీవాళ్లకివ్వాలని నితాఖత్ వచ్చాక, సౌదీవాళ్లు చాలక కంపెనీ ఎర్ర రంగు జాబితాలో పడింది. ఎర్ర రంగు పడితే ఇఖామాలు రెన్యూ కావు. తలా ఒక దారిన పోయారు. గంగారాం బావకు ఎగ్జిట్ పడింది.

"పోయేముందు రెండు వారాలు దొరికాయి" అన్నాడాయన. "గంగా నా దగ్గరికొచ్చి సిమెంటు తెప్పించమన్నాడు. నేను పోయాక మట్టి పెట్టేవాడెవడూ ఉండడు బాబా, గోడలన్నీ సిమెంటుతో కప్పేస్తాను, ఇక ఎవరి అక్కరా ఉండదు అన్నాడు. ఏడుస్తూ అడిగాడు."

ఆయన చేతిలోని రొట్టె ముక్కను తిరిగి పళ్లెంలో పెట్టాడు.

"మా నాన్న చెప్పేవాడు, ఈ గోడకు సిమెంటు తగలనివ్వకు అని. నాకు తెలుసు. తెలిసీ సరేనన్నాను. ఇరవై ఏళ్లు నా గోడలకు మట్టి పెట్టినవాడు పోతూ పోతూ ఒకటి ఇస్తానంటే వద్దని ఎట్లా అంటాను? ఇంకోటి కూడా ఉంది. నాకూ సంతోషమే అయింది. ఏడాదికోసారి మనుషుల్ని వెతుక్కునే బాధ తప్పిందనుకున్నాను."

మొదటి వానలకు ఏమీ కాలేదు. తర్వాతి వానలకు పైన, పిట్టగోడ దగ్గర, వెంట్రుకంత పగులు వచ్చింది. లోపలికి దిగిన నీళ్లు బయటికి రావడానికి దారి లేదు. బయటి నుంచి గోడ కొత్తదానిలా ఉంది, సిమెంటు వెనక మట్టి బురదైపోయింది. ఒకరోజు పొద్దున ఆయన నీళ్లు విడవడానికొస్తే తోట వైపు గోడ లోపలికి పడి ఉంది. బురుజు దాంతో పాటే పోయింది. మిగిలింది ఒక్కొక్కటే కూలింది. తర్వాత అన్నదమ్ములు వాటాలు వేసుకున్నారు, ఈ ముక్క విడిది అయింది.

మా ఊళ్లో మట్టి గోడకు సిమెంటు పూయించుకోవడమంటే బాగుపడ్డారని అర్థం. బావకు తెలిసిన అన్నిటికన్నా గొప్ప వస్తువు సిమెంటే. అదే తెచ్చి పెట్టాడు. దుఃఖం ఆగలేదు, అబాయా అంచుతో ముఖం తుడుచుకున్నాను.

కాలువ పక్కన ఎక్కడ చూసినా పుంటికూర మొలిచి ఉంది. మనవాళ్లు వేసిందేనట, ఎవరూ కోయక విత్తనాలు రాలి అడవిలా పెరిగింది. అక్కడే నిలబెట్టి శ్రీను ఫోటో తీశాడు. వెనకాల చెట్లు, పక్కన అబూ సాలెహ్.

కారెక్కేటప్పుడు ముసలాయన మొదటిసారి నా వైపు తిరిగాడు. "గంగాకో మత్ బోల్నా, బేటీ. బారిష్ సే గిరా, బస్." చెప్పొద్దమ్మా, వానకు పడిందని మాత్రం చెప్పు. అది అబద్ధం కూడా కాదు. సరేనన్నాను.

జగిత్యాలలో

తిరిగొచ్చిన రోజే బావ వచ్చాడు. కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చిన మాటే చెప్పాను.

"వాన బాగ గొట్టిందట బావా. మేడ పడిపోయింది."

ఆయన కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఏ దిక్కు గోడ ముందుగాల పడ్డది?"

"తోట దిక్కుది" అన్నాను.

"లోపలికి పడ్డదా, బయటికా?"

నేను ఫోన్ తీసి ఫోటో వెతుక్కున్నాను. అదే జవాబైంది. ఇరవై ఏళ్లు ఆ గోడలకు మట్టి పెట్టిన మనిషి, సిమెంటు వెనక ఏం జరిగిందో ఆయనకు ఇంకొకరు చెప్పే పనేముంది. నెమ్మదిగా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఫోటో చూపిస్తే దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"బాబా తిట్టిండా నన్ను?"

"లేదు బావా. నీకు చెప్పద్దన్నడు."

"తిట్టేదుండె" అన్నాడు.

బాబాకు ఫోన్ కలపమన్నాడు. శ్రీను ఇచ్చిన నంబరుకు కలిపి స్పీకర్ పెట్టాను. అవతల అబూ సాలెహ్ గొంతు వినగానే బావ లేచి నిలబడ్డాడు. సలామైనా చెప్పకుండా "బాబా, అనా గల్తాన్" అన్నాడు. తప్పు నాది అని. అవతలి నుంచి "లా, లా, గంగా, అనా గల్తాన్" అని వచ్చింది. కాదు, నాది అని. బావ మళ్లీ అన్నాడు. ఆయన మళ్లీ కాదన్నాడు. ఇద్దరూ గొంతులు పెంచి, తప్పు నాదంటే నాదని గట్టిగా కొట్లాడుకున్నారు. మా ఆయన ఏదో గొడవ జరుగుతోందనుకుని లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆఖరుకి బ్యాలెన్సు అయిపోయి ఫోన్ దానంతటదే ఆగిపోయింది.

నేను మంచినీళ్లిచ్చాను. బావ తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"ఆ రెండు వారాలు మట్టే పెట్టేదుండె సుగుణా. రెండు వానకాలాలన్న ఆగుతుండె. ఆలోపల ఎవడో ఒకడు దొరుకుతుండెనేమో." మొహం తుడుచుకున్నాడు. "నా తర్వాత మన్ను తొక్కెటోడు ఇంకొకడు వస్తడని నేను నమ్మలె. గందుకే సిమెంటు పెట్టిన."